పాలు పితుకు చేతులు

పాడిని లక్ష్మి యనుట మన యాచారము. క్రొత్త యింట మొదట పొయ్యి యెక్కునవి పాలు; అవి పొంగిన శుభ మందుము. పెరుగు గట్టిగా తోడుకొన్నదా, వెన్న చక్కగా పడినదా, నేయి పూస కట్టినదా యని దినదినము విచారింతుము. కాని పొదుగునుండి ఆ పాలను పాత్రలోనికి దింపు చేతులను ఎవ్వరు విచారింతురు? తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో మాకు పుట్టినిల్లు, మెట్టినిల్లు, తోబుట్టువుల యిండ్లు గలవు. పెండ్లిండ్లకు, పురుళ్ళకు, పండుగలకు ఆ యిండ్లకు తిరుగుచు ఇన్ని యేండ్లుగా మేము గమనించిన దేమనగా, పశువునుండి మనిషికి సోకు చర్మవ్యాధి తఱచుగా మొదట పొడచూపునది స్త్రీ చేతిమీదనే. అందఱికంటె ఆలస్యముగా చికిత్స నొందునదియు ఆ చేయియే. దానిని గుఱించియే ఈ నాలుగు మాటలు.

మాది కృష్ణ పడమటి కాలువల క్రింది సీమ. తెనాలి చుట్టును నల్లరేగడి. వరి కోతకు కొలది దినములు ముందుగా చేలలో మినుములు చల్లుదురు. బాపట్లవైపు పోయినకొలది నేల యిసుక పాఱును. రేపల్లె దాటినచో ఏటి లంకలు, ఉప్పునేలలు, పిదప సముద్రము. నేల మాఱినను చాల యిండ్ల వెనుకనున్న గొడ్లసావిడి మాత్రము మాఱదు. వరిగడ్డి వామి, కుడితి గోలెము, రెండు గేదెలు, ఒక పెయ్యదూడ ఉండిన చాలు, ఆ సంసారము నిలకడ గలదని పేరు. గేదెపాలలో వెన్న హెచ్చు, నూటికి ఆఱేడు పాళ్ళుండును. పాలకేంద్రమువారు ఆ వెన్నను కొలిచి వెల కట్టుదురు. ఆ సొమ్ముతోనే పిల్లల బడి ఖర్చు, పొదుపు సంఘమునకు కట్టవలసిన వాయిదా, పండుగకు చీరె. గడ్డి మోయుట, మేతకు తోలుట పురుషులు చేయుదురు గాని, పేడ తీయుట, కడుగుట, కుడితి పెట్టుట, రెండు పూటల పాలు పితుకుట చాలవఱకు మన పనియే. కావున ఆ చేతులకు జబ్బు చేసినచో ఇల్లంతయు కుంటుపడును; పడుననియే ఆ జబ్బును దాచుకొందురు.

2019వ సంవత్సరపు వర్షకాలమున మేము రేపల్లె చేరువనున్న మా పుట్టినింటికి పోయితిమి. మా వదినెగారికి మోకాళ్ళ నొప్పులు గలవు గాన, అచ్చట పాలు పితుకుట కొక స్త్రీ వచ్చెడిది. ఆమె మా వీధిలో ఐదిండ్లకు పితుకును. పెనిమిటి లేడు, ఇద్దఱు పిల్లలు. ఇంటి కింత యని నెలజీతము. మా యింట క్రొత్తగా ఈనిన గేదె యొకటి చేయి తగిలినంతనే తన్నసాగెను. చూడగా చన్నులమీద కందిగింజ లంతేసి యెఱ్ఱని పొక్కులు లేచియున్నవి. రెండు మూడు నాళ్ళకు అవి నీరు పట్టి, పిదప చీము పట్టి, తుదకు నల్లని పక్కు కట్టినవి. చన్ను కుడిచిన దూడకు మూతిమీద అట్టివే వచ్చినవి. గేదె చేపక, పాలు సగమునకు తగ్గినవి. పదునైదు నాళ్ళలో ఆమె పితుకు తక్కిన యిండ్ల గేదెలకును పాకెను.

ఆపై ఆమె కుడిచేతి బొటనవ్రేలి కణుపుమీదను, చూపుడు వ్రేలి ప్రక్కను అవే పొక్కులు, నడుమ గుంట పడి, చుట్టును ఎఱ్ఱగా కంది కనబడినవి. చంకలో బిళ్ళ కట్టెను, జ్వరము తగిలెను. ఐనను ఆమె చేతికి పాతగుడ్డ చుట్టుకొని తెల్లవాఱుజామున వచ్చి, చెంబు చేతబట్టి, మా వదినెగారితో మెల్లగా ఇట్లనెను:

"అమ్మా, ఎవరికీ చెప్పబాకండి. చెయ్యి బాగోలేదని తెలిస్తే రేపట్నించి ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. పిల్లలకేం పెట్టను?"

దాచిన జబ్బు దాగునా? ఎదురింటి ముసలమ్మగారు చూడనే చూచినది. "అది అమ్మవారే, సందేహం లేదు. దాన్ని సావిట్లోకి రానివ్వబాకండి" అనెను. వేఱొకరు పెద్దరోగ మేమో యనిరి. ఇంకొకరు, మా గేదెల కీ తెగులు తెచ్చినది ఈమెయే యని నింద మోపిరి. రెండిండ్లవారు ఆ సాయంకాలమే పనికి రావలదని చెప్పి పంపిరి. పల్లెలో సూదివేయు నతడొకడు ఆమె కదివఱకే ఒక సూది వేసి, పుండుమీద చల్లుకొనుమని పొడి యిచ్చియుండెను; గేదె మాట యతడు అడుగనే లేదు. మేము మఱునాడు ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయితిమి. అచ్చటి డాక్టరుగారు, వయసున చిన్నవారే, చేతిని ఇటునటు త్రిప్పి చూచి, కాగితముమీద కలము పెట్టకమునుపే ఒక ప్రశ్న వేసిరి: "పాలు తీస్తావా అమ్మా? గేదె పొదుగు మీద పుళ్ళున్నాయా?"

ఆమె ముఖమున భయము సగము తీఱినది ఆ ప్రశ్నతోనే. తన చేతికి వచ్చినది పాపఫలము కాదనియు, పనివలన వచ్చినదనియు ఒకరు చెప్పినట్లయ్యెను.

అది గేదె మశూచి. 1934లో లాహోరు ప్రాంతమున శాస్త్రజ్ఞులు దీనిని మొదట వర్ణించిరి. అప్పటినుండి మన దేశమున మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రదేశము మున్నగు చోట్ల ఆగి యాగి తలయెత్తుచునే యున్నది. మనకు దూరపు మాటయు కాదు. 1996లో విజయవాడ ప్రాంతమున గేదెలనుండి తీసిన క్రిమియే నేటికిని దేశమందలి పరిశోధనశాలలలో ప్రమాణముగా వాడు వానిలో నొకటి. పశువు చావదు, కాని పొదుగు వాచి, పాలు తగ్గి, ఒక్కొకప్పుడు చన్ను చెడిపోవును. మనిషికి చేతులమీద, ముంజేతులమీద, ఒక్కొకప్పుడు ముఖముమీదను పొక్కులు లేచి, మూడు నాలుగు వారములకు మాని, మచ్చ మిగులును. మనిషినుండి మనిషికి అంటుట అరుదు. కాని పితుకు చేయి ఒక గేదెనుండి వేఱొక గేదెకు మోయును. కావున, ఆ స్త్రీమీద మోపిన నిందలో నిజ మింతమాత్రమే: తెగులు చేతివెంట నడచినది, తెచ్చిపెట్టినది ఆమె కాదు. ఐదిండ్లకు ఒక్కతెయే పితుకునట్లు చేసినది మన యవసరము.

ఇందొక వింత గలదు. ఇంగ్లండు దేశమున పాలు పితుకు పడుచుల చేతులకు ఆవు పొదుగునుండి పొక్కులు సోకెడివి. అట్లు సోకినవారికి పెద్ద మశూచికము రాదని పల్లెలలో వాడుక. 1796లో ఎడ్వర్డు జెన్నరను వైద్యుడు సారా నెల్మ్సు అను పాలపడుచు చేతి పొక్కునుండి రసము తీసి యొక యెనిమిదేండ్ల బాలునికి అంటించి పరీక్షించెను. టీకా పుట్టినది అట్లు. లోకమును మశూచికమునుండి గట్టెక్కించిన మందునకు మూలము ఒక స్త్రీ పాలు పితుకు చేయి యని మనలో నెందఱ మెఱుగుదుము? 1802లో బొంబాయిలో మూడేండ్ల యాడుశిశువునకు మన దేశములోని మొదటి టీకా వేసిరి. 1899లో చెన్నపట్టణమున గిండీయందు నెలకొల్పిన కింగ్ ఇన్‌స్టిట్యూటువారు దూడల చర్మముమీద టీకారసమును పెంచి మన జిల్లాలకును పంపెడివారు. మా అమ్మమ్మగారి దండచేతిమీద నాణెము లంతేసి రెండు టీకా మచ్చ లుండెడివి. 1975తో మన దేశమున మశూచికము అంతరించినది. 1980లో లోకమంతటను అంతరించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. రోగము పోయినది గాన టీకాయు నిలిచిపోయెను.

గేదె మశూచి క్రిమి ఆ టీకాక్రిమికి మిక్కిలి దగ్గఱి చుట్టము. పూర్వము మనుష్యులకు వేసిన టీకానుండియే అది పశువులలో చేరి నిలిచిపోయి యుండునని పండితులలో పెక్కురి యభిప్రాయము. టీకా మచ్చలు గల పెద్దల కది యంతగా సోకదు; టీకా లెఱుగని తరమువారు, అనగా 1980 తరువాత పుట్టినవారు, నేడు పాలు పితుకు వయసున నున్నారు. మన సావిళ్ళలో ఈ జబ్బు పడుచువారి చేతులనే యేల వెదకుచున్నదో ఇందువలన తెలియును. మా వదినెగారికి దండమీద టీకా మచ్చ గలదు. ఆ నెలయంతయు మోకాళ్ళ నొప్పితోనే రెండు గేదెలను తామే పితికిరి. వారి కేమియు రాలేదు. అది టీకా మహిమయో, వారు సబ్బుతో చేతులు కడుగుకొన్న మహిమయో మేము చెప్పజాలము.

అమ్మవారను మాటకు పెద్దలను ఎగతాళి చేయుట మా యుద్దేశము కాదు. ఇంటి గుమ్మమునకు వేపమండలు కట్టి, రోగిని ప్రత్యేకముగా నుంచి, పరులను రానీయక యుండుట వెనుకటి దినములలో ప్రాణములు కాపాడిన యాచారమే. కాని ఆ మశూచికము నేడు లోకమున లేదు. లేని రోగము పేరు పెట్టి, ఉన్న మనిషిని వెలివేయరాదు. పూజ చేయ దలచినవారు చేయుదురు గాక. చేతికి కట్టు కట్టించుట మానరాదు.

మా వదినెగారు మాటకారి కారు, పని చేయువారు. వారు ఐదిండ్ల యాడువారిని మా యింటి వసారాలో కూర్చుండబెట్టి, "దాని చెయ్యి మానేదాకా ఎవరి గేదెను వాళ్ళం తీసుకుందాం. జీతం మాత్రం ఆపొద్దు. మన గేదె వల్ల వచ్చిన జబ్బుకి అది పస్తుండటమేమిటి?" అనిరి. మూడిండ్లవారు వెంటనే సమ్మతించిరి. నాలుగవ యింటివారు సగము జీతమునకు ఒప్పుకొనిరి. ఐదవ యింటివారు ఒప్పుకొనలేదు. పశువైద్యుడు వచ్చి, గులాబిరంగు పర్మాంగనేటు నీటితో చన్నులు కడిగి మందు పూయు విధము చూపి, జబ్బు గేదెను చివరకు పితుకుమని చెప్పి పోయెను. ఇరువదిరెండు దినములకు ఆమె చేతి పక్కులు రాలినవి. ఆమె మరల పనిలో చేరినది. ఐదవ యింటివారును తరువాతి నెలలో ఆమెనే పిలిచిరి. జీతమిచ్చుట దయయే కాదు, తెలివియు నని అప్పుడు మాకు తోచినది. కూలి పోవునను భయము లేనప్పుడే మనిషి తన పుండును దాచక చూపును. చూపినప్పుడే తక్కిన పశువులకు రక్ష.

ఇక బాపట్ల మాట. మా చెల్లె లచ్చట ఉన్నది. 2021 శీతకాలమున దాని యింటి దూడకు కంటిచుట్టును, మెడమీదను బూడిదరంగు పెచ్చులు కట్టి, వెండ్రుకలు రాలి, రూపాయి బిళ్ళలవలె మచ్చలు పడినవి. తొమ్మిదేండ్ల మా మేనల్లునికి ఆ దూడ ప్రాణము. బడినుండి రాగానే దాని మెడ కౌగిలించుకొని పాఠము చదువును. కొన్నాళ్ళకు వాని మెడమీద వలయముగా దద్దు లేచినది. అంచు పొక్కులతో ఎఱ్ఱగా, నడుమ తేటగా నున్నది. తలమీద నొకచోట మెత్తగా వాచి, చీము పట్టి, జుట్టు రాలెను. ఇది తామర. క్రిమి యను పేరే గాని ఇది బూజు జాతిది. దూడల తామర పశువుల చర్మమునుండియే గాక, అవి యొఱసికొను గుంజలనుండియు, పలుపులనుండియు అంటును. చీకటి కొట్టములలో, ఇఱుకున, శీతకాలమున హెచ్చు. తామర యంతయు పశువులనుండియే వచ్చునని తలపరాదు. మనిషినుండి మనిషికి వచ్చునదే యెక్కువ. ఐనను ఇంట దూడకు మచ్చలుండి, పిల్లవానికి మచ్చలు వచ్చినపుడు ఆ రెంటిని కలిపి చూడవలెను.

ఆ యింట జరిగిన చిక్కు వేఱు. మా చెల్లెలి యత్తగారు మందుల దుకాణమున నడిగి ఒక గొట్టము తెప్పించిరి. అందు మూడు మందులు కలిసియున్నవి; ఒకటి స్టెరాయిడు. పూసిన మూడవ నాటికే దురద తగ్గి, ఎఱుపు పోయినది. ఇంటిల్లిపాది సంతోషించిరి. మానిన పది దినములకు మచ్చ రెండింతలై తిరిగి వచ్చెను. మరల పూసిరి, మరల తగ్గెను, మరల వచ్చెను. స్టెరాయిడు దురదను అణచునే గాని బూజును చంపదు. పైగా శరీరము దానితో పోరాడు శక్తిని తగ్గించి, అది లోలోన వ్యాపించుటకు దారి యిచ్చును. ఇట్టి లేపనములు విచ్చలవిడిగా వాడుటవలన మన దేశమున తామర మొండికెత్తినదని చర్మవైద్యులు మొఱపెట్టుకొనగా, 2018లో కేంద్ర ప్రభుత్వమువారు పదునాలుగు స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని శాసించిరి. శాసన మున్నను దుకాణమున అడిగినచో ఇచ్చువారు లేకపోలేదు. అడుగకుండుట మన చేతిలో నున్నది.

పిల్లవానిని వైద్యునియొద్దకు తీసికొనిపోయిన పిమ్మట మఱొక సంగతి బయటపడినది. మా చెల్లెలికిని లోపావడ బొందు కట్టు చోట, నడుముచుట్టును ఆ తామరయే ఉన్నది. ఆఱు నెలలుగా నున్నది. "చూపించుకోవటానికి సిగ్గేసింది అక్కయ్యా, పైగా పిల్లాడిదే పెద్ద జబ్బనుకున్నాను" అనెను. తడి చీరెతో వంట, చెమటతో సావిడి పని, బిగించిన బొందు. ఈ మూడును కూడిన చోట తామర యిల్లు కట్టుకొనును. పిల్లవాని జబ్బునకు పరుగెత్తి, తన జబ్బును తానే మూతవేయుట మనలో నెందఱికో అలవాటు. తలమీది తామరకు పూతమందు చాలదు, మాత్రలు మ్రింగవలెను. ఒంటిమీది దానికిని మచ్చ కనబడకపోయిన పిమ్మట కూడ వైద్యుడు చెప్పినన్ని వారములు మందు వాడవలెను. ఇంటిలో నెందఱికున్నదో అందఱికిని ఒకేసారి చికిత్స జరుగవలెను. తువ్వాళ్ళు, దుప్పట్లు ఎవరివి వారికి వేఱుగా నుంచి, వేడినీట నుతికి ఎండలో ఆఱవేయవలెను. దూడను వేఱుగా గట్టి, పశువైద్యునిచే మందు పూయించి, గుంజలు కడిగించి, కొట్టములోనికి ఎండ తగులునట్లు చేయవలెను. వారు ఇన్నియు చేసిరి. రెండు నెలలు పట్టినది, కాని పోయినది.

భయపడవలసినచోట భయపడనివార మున్నట్లే, అక్కఱలేనిచోట భయపడువారమును ఉన్నాము. 2022లో దేశమున పశువులకు లంపీ యను ముద్దచర్మపు వ్యాధి వ్యాపించినపుడు, తెనాలిలో మా పొరుగింటి యిల్లాలు తమ యావు ఒంటిమీద గడ్డలు చూచి, పది దినముల పాలు కాలువలో పోసినది. పసిబిడ్డకు పాలు లేక పొడిపాలు కొనినది. ఆ జబ్బు మనుష్యులకు రాదు. ఈగలు, దోమలు, గోమార్ల మూలమున పశువునుండి పశువునకే పోవును. కాచిన పాలు త్రాగవచ్చును. గాలికుంటును గుఱించియు సాధారణముగా మనము మనకై భయపడ బనిలేదు. పశువునకు టీకా వేయించిన చాలును. ఏది అంటునో, ఏది అంటదో తెలియుట సగము వైద్యము.

వంటింటి మాట యొకటి. చేయి కాలినచో వెన్నయో నేయియో రాయు నలవాటు మనకు గలదు. 2004, 2005 సంవత్సరములలో పాకిస్థానమందలి కరాచీ నగరమున కాలిన గాయములవారిని చేర్చుకొను ఆసుపత్రులలో గేదె మశూచి తలయెత్తెను. ఆ రోగులలో పెక్కురు గేదెను ముట్టినవారు కారు. కాలిన గాయముమీద మొదట పూసిన గేదె క్రొవ్వే దానికి మూలమై యుండునని వైద్యులు తలపోసిరి. కాలినచోట చల్లని శుభ్రమైన నీరు ఇరువది నిమిషములు ధారగా పోయుటయే మందు. వెన్న అన్నమునకే యుంచుకొందము.

చివరగా ఒక్క జబ్బును మాత్రము మిక్కిలి భయముతో తలపవలెను. అది దొమ్మ. ఆరోగ్యముగా నున్న గొడ్డో, గొఱ్ఱెయో హఠాత్తుగా పడి చచ్చి, ముక్కునుండియు వెనుకనుండియు గడ్డకట్టని నల్లని నెత్తురు కాఱినచో, దానిని కోయరాదు, తోలు తీయరాదు, మాంసము పంచుకొనరాదు. విశాఖ మన్యములో అట్లు చచ్చిన పశువులను కోసి తిన్న గిరిజన కుటుంబములు పలుమాఱు ఈ జబ్బు పాలైనవి. చేతిమీద మొదట దోమకాటువంటి పొక్కు లేచి, నీరు పట్టి, నడుమ బొగ్గువలె నల్లని పక్కు కట్టి చుట్టును వాచును. నొప్పి యుండదు, నొప్పి లేదు గదా యని ఊరకుందురు. వెంటనే వైద్యునియొద్దకు పోయిన మందులకు లొంగును. ఆలస్యమైనచో ప్రాణము తీయును. దాని బీజములు మట్టిలో దశాబ్దములు జీవించును గాన, కళేబరమును పశువైద్యుని యెదుట లోతుగా పాతి సున్నము చల్లవలెను.

ఇప్పుడు పని కొచ్చు మాటలు. పితుకుటకు ముందును, ఒక గేదెనుండి ఇంకొక గేదెకు పోవునపుడును సబ్బుతో చేతులు కడుగవలెను. చన్నులకు రాచు నూనెగిన్నె యందఱు గేదెలకు ఒక్కటియై యుండును. అందులో వ్రేలు ముంచరాదు, అరచేతిలో కొంచెము పోసికొనవలెను. పొదుగు తుడుచు గుడ్డ దేనిది దానికే. పుండ్లున్న గేదెను అన్నిటి తరువాత పితుకవలెను. చేతికి గాటున్నచో కట్టు కట్టి, దొరకినచో చేతితొడుగు వేసికొనవలెను. పొక్కును గిల్లరాదు, ఆ చేతితో కన్ను నులుమరాదు, కంటికి సోకినచో చూపునకే కీడు. రాలిన పక్కులను ఊడ్చి కాల్చివేయవలెను. చీమో నెత్తురో కలిసిన పాలు వాడరాదు. మంచి పాలనైనను కాచియే వాడవలెను. జ్వరము వచ్చినను, చంకలో బిళ్ళ కట్టినను, గర్భిణికైనను, పసిబిడ్డకైనను, మధుమేహము గలవారికైనను ఇట్టి పొక్కులు లేచినను ఇంటివైద్యము మాని ఆసుపత్రికి పోవలెను. పశువు కొఱకు సంచార వైద్యవాహనమును 1962 సంఖ్యకు పిలువవచ్చును.

1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలసెను; 1998లో గన్నవరమున పశువైద్య కళాశాల వెలసెను. చదువు మనకు చేరువనే యున్నది. కాని పశువైద్యుడు పశువును జూచి పోవును, మనుష్యవైద్యుడు మనిషిని జూచి పంపును. ఆ యిద్దఱికి నడుమ రెంటిని ఎఱిగినది గృహిణి యొక్కతెయే. కావున వైద్యుడు అడిగినను అడుగకున్నను, "మా యింట గేదెలున్నవి, వాని కీ జబ్బున్నది" యని మనమే చెప్పవలెను. పశువైద్యుడు వచ్చినపుడు మన చేతులను కూడ చూపవలెను. సిగ్గుపడ బనిలేదు, కలము పట్టిన వ్రేలికి కాయ కాచినట్లే, పితుకు చేతికి పుండు లేచుట పనివలన గలిగిన బాధ.

సొంతముగా పాడి లేని సోదరీమణులును తమ యింట పాలు పోయు స్త్రీని ఒకమాఱు పలుకరింతురు గాక. "ఏమమ్మా, చేతికేమయింది?" అని అడుగుటకు ఖర్చు లేదు. బాగులేదని చెప్పినచో, ఆ నెల లెక్కలో దినములు కోయకుండుటకు కొంచెము ఖర్చు గలదు. ఆ ఖర్చును మన పాలపద్దులోనే వ్రాసికొందము.